ఇంకని నేల మీద కట్టడాలు

2013 ఆగస్టు మొదటి వారంలో, నేను స్వతంత్రంగా గీసిన మొదటి ఇంటి పని ఎంతవరకు వచ్చిందో చూడడానికి భీమవరం వెళ్ళాను. ఈశాన్యం మూల తవ్వించిన ఇంకుడు గుంతలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. మూడు రోజులుగా చినుకు పడలేదు. ఆరడుగుల లోతున సిమెంటు వరలు దించి, అడుగున కంకర పోయించిన ఆ గుంతలో పైన అడుగున్నర మాత్రమే ఖాళీగా మిగిలింది. తాపీ మేస్త్రిగారు నా పక్కన నిలబడి, ఒక పుల్లతో నీటిమట్టం కొలిచి చూపించి, "అమ్మాయిగారండీ, ఇది ఇంకుడు గుంత కాదండి, ఊటబావండి. అడుగు నీళ్ళే పైకొస్తుంటే పై నీళ్ళు ఎక్కడికెళ్తాయండీ?" అన్నారు.

ఆ గుంతను మే నెలలో తవ్వించాం. డెల్టాలో వేసవికి కాలువలు కట్టేస్తారు. కాలువ పారకపోతే ఊట కిందికి దిగుతుంది, తవ్విన గుంత పొడిగా కనిపిస్తుంది. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలి, వరిచేలన్నీ తడిసి, ఆపైన నైరుతి వానలు మొదలయ్యేసరికి అదే నేలలో మూడడుగులు తవ్వకముందే నీరు పడుతుంది. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి ఈ ప్రాంతపు భూగర్భ జలం కాలువల వేళలను బట్టి ఎక్కి దిగుతూ వస్తోంది. కోనసీమలో పుట్టి, కాలువ గట్టు మీద నడిచి బడికి వెళ్ళిన నాకు ఈ విషయం చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా కాగితం మీద గుంత గీసేటప్పుడు అది గుర్తుకు రాలేదు, ఎందుకంటే ఆ గుంతను నేను హైదరాబాదులో నేర్చుకున్నాను.

పర్యావరణానికి భారం కాని కట్టడాలు కట్టాలన్న కోరికతో ఈ వృత్తిలోకి రావాలనుకునే మన ప్రాంతపు పిల్లలు అప్పుడప్పుడు నన్ను కలిసి, ఏం చదవాలి, ఎక్కడ చేరాలి అని అడుగుతుంటారు. చదువు గురించి చెప్పడం తేలిక. అయిదేళ్ళ బి.ఆర్క్., దాని తరువాత 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు, అక్కడితో పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని రాసుకునే హక్కు వస్తుంది. నాకు అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. నేర్చుకున్నదాంట్లో ఏది మా నేలకు పనికొస్తుందో, ఏది పనికిరాదో విడదీసుకోవడానికి చదువుకు పట్టినదానికంటే ఎక్కువ కాలం పట్టింది. ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

నేను ఈ చదువు ఎంచుకోవడానికి కారణం 1996 నవంబరు 6 నాటి తుపాను. అప్పుడు నాకు పదకొండేళ్ళు. అమలాపురం దగ్గర మా తాతగారిది మండువా లోగిలి, పైన బెంగుళూరు పెంకులు. ఆ రాత్రి గాలి పడమటి వసారా కప్పును వాసాలతో సహా లేపేసింది. మేమంతా దక్షిణపు గదిలో, గానుగ సున్నంతో కట్టిన గోడకు వీపు ఆనించి కూర్చున్నాం. తెల్లవారాక చూస్తే తోటలో నిలబడిన కొబ్బరిచెట్టు వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంది. మా వీధిలో ఏ ఇల్లు నిలిచింది, ఏది పడిపోయింది, ఎందుకు అని నాన్నగారు నెలల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు. ఆ మాటలు వింటూ పెరగడం వల్లనే ఇల్లు కట్టడమంటే గాలితోనూ నీటితోనూ చేసుకునే ఒప్పందమన్న ఆలోచన నాలో నాటుకుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మండువా ఇళ్ళ గురించి ఈ మధ్య చాలామంది మురిపెంగా రాస్తున్నారు. నాకూ ఆ ఇల్లంటే ప్రాణం. కానీ ఆ ఇంట్లో శ్రావణమాసమంతా గోడల అడుగున చెమ్మ ఎక్కేది, పడమటి గదిలో వేసవి సాయంత్రం ఎవరూ కూర్చోలేకపోయేవాళ్ళు, మండువాలో పడిన వాన బయటికి పోక ఒక్కోసారి వంటింటి గడప దాకా వచ్చేది. రెండు వందల గజాల పట్టణ స్థలంలో ఆ ఇంటిని మళ్ళీ కట్టడం ఎలాగూ కుదరదు. దాని నుంచి తీసుకోవలసినవి ఎత్తయిన అరుగు, గోడను ఎండకూ వానకూ తగలనీయని వెడల్పాటి చూరు, ఎదురెదురుగా ఉన్న తలుపులూ కిటికీలూ. ఈ మూడింటినీ అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఎలా పెట్టాలన్నదే నా పని అయింది.

హైదరాబాదులో చదువుకుంటున్నప్పుడు మమ్మల్ని భారత పరిశ్రమల సమాఖ్య (సి.ఐ.ఐ.) వారి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు తీసుకువెళ్ళారు. అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉండగా 2004లో ప్రారంభించిన భవనం అది, పర్యావరణ హిత భవనాలకు ఇచ్చే లీడ్ రేటింగులో అత్యున్నతమైన ప్లాటినం గుర్తింపు మన దేశంలో మొట్టమొదట పొందినది. గుండ్రటి నడిమి ముంగిలి చుట్టూ గదులు, పైకప్పు మీద గడ్డి, వేడిగాలిని లోనికి లాగి తడిపి చల్లబరచే గాలి గోపురాలు. అక్కడ నిలబడినప్పుడు, మా తాతగారి ఇంటికీ ఈ కాలపు ఇంజినీరింగుకీ మధ్య తెగిపోయిన దారి నాకు దొరికినట్లయింది. చదువయ్యాక నాలుగేళ్ళు హైదరాబాదులోనే ఒక సంస్థలో పనిచేశాను. అక్కడ నేను చేసింది ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీల భవనాలకు గ్రీన్ రేటింగ్ పత్రాలు తయారుచేయడం. పడమటి ముఖమంతా అద్దం తొడిగిన భవనానికి మంచి అద్దం, మంచి ఏ.సి., సైకిల్ స్టాండు చూపించి పాయింట్లు కూడబెట్టేవాళ్ళం. ఆ పని నాకు లెక్కల్లో క్రమశిక్షణ నేర్పింది. అంతకంటే ఎక్కువకాలం అక్కడ ఉండాలనిపించలేదు. 2012లో రాజమహేంద్రవరం వచ్చి చిన్న కార్యాలయం తెరిచాను.

మొదటి రెండేళ్ళూ నా వృత్తి ఏమిటో చెప్పుకోవడంతోనే గడిచాయి. డెల్టా పట్టణాల్లో ప్లాను గీయడమంటే పంచాయతీకో మునిసిపాలిటీకో ఇచ్చే కాగితం, ఆపైన ముందువైపు ఎలివేషన్ బొమ్మ. "చదరపు అడుగుకి ఎంత తీసుకుంటారండీ?" అన్నదే మొదటి ప్రశ్న. నెలల తరబడి సూర్యుడి దారి, గాలి దిక్కు, నేల పరీక్ష అని తిరగడానికి ఎవరూ డబ్బివ్వరు. నేను రుసుము తగ్గించుకోకుండా, పని మాత్రం పెంచి చేశాను. అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, అయితే దాన్ని భరించగలిగింది మా ఆయన జీతం ఇంటికి వస్తుండడం వల్లనే. ఈ దారిలోకి రావాలనుకునేవాళ్ళకు ఇది దాచకూడని సంగతి.

భీమవరం గుంత తరువాత, హైదరాబాదులో నేర్చిన ఒక్కొక్క పద్ధతినీ బయటికి తీసి పరీక్షించడం మొదలుపెట్టాను. జాతీయ భవన నియమావళి దేశాన్ని అయిదు వాతావరణ మండలాలుగా విభజిస్తుంది. అందులో హైదరాబాదు మిశ్రమ మండలం, మన కోస్తా వేడి, తేమ కలిసిన మండలం. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. కట్టడంలో మాత్రం అది అన్నిటినీ తారుమారు చేస్తుంది. గాలి పొడిగా ఉన్నచోట నీళ్ళు చల్లితే గది చల్లబడుతుంది, కాకినాడ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక నీళ్ళు చల్లితే ఉక్క పెరుగుతుంది. రాత్రికి చల్లబడే ఊళ్ళో మందపు గోడ పగటి వేడిని ఆపి మేలు చేస్తుంది, మే నెల రాత్రి కూడా చల్లబడని మన దగ్గర అదే గోడ పగలు తాగిన ఎండను పడుకునే వేళ గదిలోకి వదులుతుంది. మనకు కావలసింది గోడ మీద ఎండ పడకపోవడం, ఒంటి మీద గాలి ఆడడం. మిగిలినవన్నీ వీటి తరువాతే. ఒక ఆసుపత్రి వరండాలో నేను పెట్టించిన నీటి తెర రోగుల పక్కబట్టలను చెమ్మగిల్లజేసి, రెండు నెలల్లో తీసేయవలసి వచ్చాక నాకు ఇది పూర్తిగా బోధపడింది.

ఇదంతా ఒకచోట కుదిరిన పని కాకినాడలోని ఒక అపార్ట్‌మెంటు. 2019లో మొదలై, కోవిడ్ వల్ల ఆగి, 2021 చివరికి పూర్తయింది. ఆరువందల గజాల స్థలం, కింద పార్కింగ్, పైన అయిదు అంతస్తులు. బిల్డరు గారు నిజాయితీపరులు, వెనకాముందూ ఆలోచించే మనిషి. ఆయన మొదటి సమావేశంలోనే, "మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయండి. కానీ కొనేవాళ్ళు చూసేది బయటి ఎలివేషనే కదండీ" అన్నారు. ముందుభాగానికి అద్దమూ అల్యూమినియం ప్యానెళ్ళూ వేయడానికి ఎంత ఖర్చవుతుందో ఆయనతోనే లెక్క కట్టించి, ఆ డబ్బును నీడకూ కిటికీలకూ మళ్ళించమని అడిగాను. ఆయన సగానికి ఒప్పుకున్నారు.

మొదటి తగవు నైరుతి మూల దగ్గర వచ్చింది. వాస్తు ప్రకారం యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఎండ నేరుగా కొట్టే మూల కూడా అదే. వాస్తును కాదని డెల్టాలో ఫ్లాటు అమ్మడం జరగని పని. అమ్మ మనసులో, అత్తగారి మనసులో ఉన్న నమ్మకంతో యుద్ధం చేయడం ఆర్కిటెక్ట్ పని కూడా కాదు. కాబట్టి పడకగదిని నైరుతిలోనే ఉంచి, దాని పడమటి గోడకు లోపలివైపు నిలువెత్తు బీరువా అరలు, బయటివైపు నిలువు పలకలు పెట్టించాను. సాయంత్రపు సూర్యుడు కిందికి దిగి అడ్డంగా వస్తాడు, పైన వేసే సజ్జ దానికి అడ్డు రాదు, నిలువు పలకే కావాలి. పడమటి వైపు మిగిలిన జాగాలో మెట్లు, లిఫ్టు, స్నానాల గదులు సర్దాను. ఉత్తరం వైపు సంగతి మాత్రం చాలామంది ఇంజినీర్లు కూడా గమనించరు. కాకినాడ సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉత్తరపు కిటికీకి నీడ అక్కర్లేదన్న మాట ఢిల్లీకి చెల్లవచ్చు గాని మనకు చెల్లదు.

ఇక కిటికీలు. నివాస భవనాల కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత, మన మండలంలో తెరవగలిగిన కిటికీల, తలుపుల వైశాల్యం నేల వైశాల్యంలో 16.66 శాతం ఉండాలంటుంది, అంటే ఆరో వంతు. నూరు చదరపు అడుగుల గదికి నాలుగడుగుల చదరపు కిటికీ ఒకటి దాదాపు సరిపోయినట్లే కనిపిస్తుంది. కానీ ఇప్పుడు అందరూ వేయించేది పక్కకు జరిపే యు.పి.వి.సి. (గట్టి ప్లాస్టిక్) కిటికీ. ఒక రెక్క ఇంకోదాని వెనక్కి జరుగుతుంది గనుక ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. పాతకాలపు రెక్కల కిటికీ అయితే పూర్తిగా తెరుచుకుంటుంది. నేను రెక్కల కిటికీలే కావాలని పట్టుబట్టాను. తుపాను గాలికి రెక్కలు కొట్టుకుంటాయని బిల్డరుగారు భయపడితే, పైనా కిందా గడియలు, తెరిచి ఉంచడానికి ఇత్తడి కొక్కేలు పెట్టించాం. దోమతెర సంగతి వేరు. దోమతెర లేకుండా డెల్టాలో కిటికీ తెరవడం జరగదు, తెర వేస్తే గాలి బాగా తగ్గుతుంది. అందుకని తెర వల్ల పోయే గాలిని లెక్కలో వేసుకుని, హాలుకు నియమావళి అడిగినదానికంటే పెద్ద కిటికీలు ఇచ్చాను. దక్షిణపు బాల్కనీ తలుపు తెరిస్తే సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి హాలు దాటి వంటింటి కిటికీ గుండా బయటికి పోయేలా ప్రతి ఫ్లాటులోనూ దారి వదిలాను.

కట్టడం ఎంత చల్లగా ఉన్నా ఇరవై ఏళ్ళకే కూల్చవలసి వస్తే దాన్ని పర్యావరణ హితమని అనలేం. తీరపు ఊళ్ళలో భవనాలను తినేసేది ఉప్పు. కాకినాడలోనే ఒక వీధిలో పదిహేనేళ్ళయినా నిండని భవనపు బాల్కనీ అడుగు నాకు చూపించారు. పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు పొరలు పొరలుగా ఉబ్బి, వేలితో గీరితే ఎర్రటి పొడి రాలింది. బోరు నీళ్ళతోనే కాంక్రీటు కలిపారని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం ఊచలు వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు, అంటే ఉప్పులో ఉండి ఊచలను తుప్పు పట్టించేది, లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. మా స్థలంలో బోరు నీళ్ళను పరీక్షకు పంపితే దానికి ఎన్నో రెట్లు ఉంది. ఆ బోరును మూయించి, కాంక్రీటుకూ తడపడానికీ కూడా ట్యాంకర్లతో మంచినీళ్ళు తెప్పించాం. సిమెంటు విశాఖ ఉక్కు కర్మాగారంలో ఇనుము తీయగా మిగిలే చిట్టెం కలిసే స్లాగ్ రకం వాడాం, అది ఉప్పును లోపలికి తేలిగ్గా పోనివ్వదు. అది నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక సెంట్రింగ్ ఆలస్యంగా విప్పాలి, ఒక్కో శ్లాబుకు కొన్ని రోజులు ఎక్కువ పట్టింది. ఊచలకూ కాంక్రీటు ఉపరితలానికీ మధ్య తీర ప్రాంతంలో ఉండవలసిన దూరం 45 మిల్లీమీటర్లు. మామూలుగా ఇరవైయో ఇరవై అయిదో వదిలే చోట ఇది వింతగా తోచి, ఊచలు కట్టే కుర్రవాళ్ళు నేను లేనప్పుడు, ఆ దూరం నిలపడానికి ఊచల కింద పెట్టే బిళ్ళలు పాత కొలతవే పెట్టేశారు. శ్లాబు వేసే రోజు ఉదయం స్కేలుతో చూసి ఆపించాను. అప్పటికే కాంక్రీటు లారీ గేటు దగ్గరికి వచ్చి ఉంది. ఆ రోజు బిల్డరుగారితో మాటా మాటా పెరిగింది. మధ్యాహ్నానికి బిళ్ళలన్నీ మార్చాక గాని శ్లాబు పడలేదు, ఆ మొదటి లారీ సరుకు కాంపౌండు గోడ పునాదిలోకి పోయింది.

వాన నీటికి ఈసారి గుంత తవ్వలేదు. నీటిని భూమిలోకి ఇంకించమని చెప్పే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టపు ఉద్దేశం మెట్ట ప్రాంతాలకు ఎంతో మంచిది. ఊట పైకి వచ్చే మా నేలలో మాత్రం వాన నీటిని పట్టి దాచుకోవడమే దారి. మూడు వేల చదరపు అడుగుల డాబా మీద ఒక అంగుళం వాన పడితే దాదాపు ఏడువేల లీటర్లు వస్తాయి. మొదటి పది నిమిషాల మురికి నీటిని పక్కకు వదిలి, మిగిలింది జల్లెడ గుండా ఇరవైవేల లీటర్ల తొట్టెలోకి పంపాం. ఆ తొట్టెను సగం భూమిలో, సగం పైన కట్టించాను. పూర్తిగా భూమిలో దించిన తొట్టెను ఆగస్టులో ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న ఊట దాన్ని పడవలా పైకి ఎత్తుతుంది, గోడలు పగులుతాయి.

స్థలాన్ని మెరక వేయించే విషయంలో నేను ఓడిపోయాను. ఎగువ నుంచి లారీల కొద్దీ ఎర్ర గ్రావెల్ తెచ్చి నాలుగడుగులు లేపితే మన వాకిట్లో పడిన వాన పక్కవాళ్ళ ఇంట్లోకి పోతుందని, స్తంభాల మీద నిలిచే భవనానికి అంత మెరక అక్కర్లేదని ఎంత చెప్పినా, రోడ్డు మళ్ళీ ఎత్తు చేస్తారన్న భయంతో రెండున్నర అడుగులు వేయించారు. ఆ ఏడాది వానల్లో పక్కింటి పెద్దావిడ ముంగిట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. మా ఖర్చుతోనే ఆమె ఇంటి ముందు నుంచి కాలువ దాకా డ్రెయిను తవ్వించాం. ఆమెకు నేను చెప్పిన క్షమాపణ నాకు ఇప్పటికీ గుర్తుంది.

2022 మే నెలలో, ఎవరూ పిలవకపోయినా మళ్ళీ వెళ్ళాను. డాబా మీద తెల్లటి పింగాణీ పెంకు ముక్కలు పరిపించిన చోటా, నీళ్ళ ట్యాంకు పక్కన వట్టి సిమెంటుగా వదిలేసిన చోటా చెప్పులు విప్పి నిలబడ్డాను. మొదటిచోట నిలబడగలిగాను, రెండోచోట నాలుగు అడుగులు వేయలేకపోయాను. అయిదో అంతస్తులోని నైరుతి పడకగదిలో సాయంత్రం అయిదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. అదే వీధిలో ఇంకో భవనంలో, అదే వేళకు, అదే మూల గోడ మీద చెయ్యి ఉంచలేకపోయాను. మా అయిదో అంతస్తు ఇల్లాలు పగలు ఏ.సి. వేయడం లేదని, రాత్రి పదింటికి వేసి తెల్లవారుజామున రెండింటికి కట్టేస్తున్నామని చెప్పారు. రెండో అంతస్తువాళ్ళు మాత్రం దోమతెర తలుపులు తీసేయించి, ఆ కిటికీలకు అద్దం బిగించేసుకున్నారు. దుమ్ము పడుతోందట. ఆ ఫ్లాటులో పైరగాలి దారి మూసుకుపోయింది. అప్పటి నుంచి తాళాలు అప్పగించేటప్పుడు ప్రతి కుటుంబంతో గంటసేపు కూర్చుని ఏ కిటికీ ఎప్పుడు తెరవాలో, ఎందుకో చెబుతున్నాను.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పనుల్లో ఎక్కువ భాగం పాత భవనాలే. ఇసుక, కంకర, సిమెంటు, ఉక్కు ఒకసారి ఖర్చు చేసి నిలబెట్టినదాన్ని నిలిపి ఉంచడం కంటే పెద్ద పొదుపు ఇంకోటి లేదన్న నమ్మకం నాకు ఏడాదికేడాది బలపడుతోంది. రాజమహేంద్రవరంలో 1990ల నాటి ఒక మూడంతస్తుల నర్సింగ్ హోమ్‌ను పూర్తిగా పడగొట్టి కొత్తది కట్టాలని డాక్టరుగారు నిశ్చయించుకుని నన్ను పిలిచారు. పడగొట్టే ముందు ఒక్కరోజు గడువు అడిగాను.

కింది అంతస్తులో నాలుగు స్తంభాల దగ్గర, ఊచ కనబడేదాకా కాంక్రీటును ఉలితో చెక్కించి, దుమ్ము ఊదేసి, ఆ తాజా గాటు మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం పిచికారీ చేశాం. కాంక్రీటులో ఊచను తుప్పు నుంచి కాపాడే క్షారం నిలిచి ఉంటే అది గులాబీ రంగుకు తిరుగుతుంది, గాలి సోకి క్షారం పోయినచోట రంగు రాదు. మూడు స్తంభాల్లో పై నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా రంగు రాలేదు. అక్కడి నుంచి లోపలికి, ఊచ చుట్టూతా, ముదురు గులాబీ రంగు తేలింది. డాక్టరుగారు కళ్ళద్దాలు సవరించుకుని దగ్గరగా వంగి చూసి, "అయితే ఇంకా బాగానే ఉందంటారా అమ్మా?" అని అడిగారు. మూడు స్తంభాలు బాగున్నాయని, స్నానాల గది పక్కనున్న నాలుగోదానికి మరమ్మతు కావాలని, క్లోరైడు ఫలితం వచ్చేదాకా తుది మాట చెప్పలేనని అన్నాను. చెక్కగా వచ్చిన పొడిని నాలుగు పొట్లాలు కట్టి పరీక్షకు పంపాం. ఫలితం పదో రోజున వచ్చింది. ఇప్పుడు ఆ భవనానికి పడమటి వైపు నిలువు పలకలు, డాబా మీద తెల్ల పెంకులు, కిటికీలకు రెక్కలు అమరుస్తున్నాం. నాలుగో స్తంభానికి చుట్టూ కొత్త ఊచలు కట్టడం నిన్ననే పూర్తయింది.